కోయంబత్తూరు మోటారు

చిన్నతనంలో నాకు కోయంబత్తూరు ఒక ఊరని తెలియదు. అదొక కంపెనీ పేరనుకునేవాణ్ణి.

చల్లపల్లిలో మా నాన్నగారికి మోటార్లు చుట్టే దుకాణం ఉండేది. కాలిపోయిన మోటార్లు ఎడ్లబండ్ల మీద, సైకిళ్ళ వెనక, ఒక్కొక్కసారి అవనిగడ్డ బస్సు టాపు మీద వచ్చేవి. వాటికి బిగించిన రేకు పలకల మీది అక్షరాలను కూడబలుక్కుంటూ నేను ఇంగ్లీషు నేర్చుకున్నాను. తయారుచేసినవారి పేరు ఏదైనా, పలక అడుగున ఊరి పేరు మాత్రం ఎక్కువసార్లు అదే ఉండేది. అందువల్ల లోకంలో మోటార్లన్నిటినీ కోయంబత్తూరు అనే ఒక పెద్దమనిషి తయారుచేస్తాడన్న అభిప్రాయం నాలో స్థిరపడింది. అది పూర్తిగా తప్పు కాదని తెలుసుకోవడానికి యాభై ఏళ్ళు పట్టింది.

పలక మీద 1440 అనే అంకె ఒకటి ఉండేది. నిమిషానికి తిరిగే చుట్ల సంఖ్య. "సరిగ్గా 1500 పెట్టవచ్చు కదా, ఈ 1440 ఏమిటి?" అని అడిగాను. నాన్నగారు చేతిలోని రాగితీగ వదలకుండానే, "జారుతుందిరా" అన్నారు. అంతకుమించి చెప్పడం ఆయనకు అలవాటు లేదు. పాలిటెక్నిక్‌లో చేరాక ఆ ఒక్కమాటనే మాస్టారు రెండు పీరియడ్లు బోధించారు. స్టేటరు గాడులలో చుట్టిన మూడు ఫేజుల తీగల వల్ల ఒక అయస్కాంత క్షేత్రం గిరగిర తిరుగుతుంది. లోపలి రోటరుకు ఏ తీగా తగిలించి ఉండదు. తిరిగే క్షేత్రం రోటరు కడ్డీలను కోసుకుంటూ పోవడం వల్ల వాటిలో కరెంటు పుడుతుంది, ఆ కరెంటు వల్ల అది క్షేత్రం వెంట పరుగెడుతుంది. కాని దానిని అందుకోవడం మాత్రం ఎన్నటికీ కుదరదు. అందుకుంటే కోత ఆగిపోతుంది, కరెంటు పోతుంది, బలం పోతుంది. అందుకే నాలుగు ధ్రువాల మోటారులో క్షేత్రం 1500 చుట్లు తిరిగితే రోటరు 1440 దగ్గర వెనకబడే ఉంటుంది. ఆ తేడాకే ఇంగ్లీషువాళ్ళు పెట్టిన పేరును నాన్నగారు తెలుగులో అనేశారు.

(మోటారును తెలుగులో ఏమనాలన్న చర్చ మనవాళ్ళలో అప్పుడప్పుడూ లేస్తుంది. చాలకమనీ, చలనయంత్రమనీ ప్రతిపాదనలు చూశాను. పురిటిగడ్డ రైతు ఎవరూ తన చాలకం కాలిపోయిందని మా దుకాణానికి రాలేదు. మోటారే తెలుగు.)

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు నాకు ఏడేళ్ళు. అప్పటి భయం గురించి వ్రాయడానికి ఇది చోటు కాదు. నాకు గుర్తున్నది ఆ తరువాతి రెండు నెలలు. నాగాయలంక, కోడూరు వైపు నుంచి వచ్చిన మోటార్లు మా అరుగు నిండి, వీధిలోకి వరుస కట్టాయి. అన్నిటి లోపలా ఉప్పునీరూ బురదా. నాన్నగారూ ఇద్దరు కుర్రాళ్ళూ వాటిని విప్పి, మంచినీళ్ళతో కడిగి, ఊకపొయ్యి చుట్టూ పేర్చి ఆరబెట్టేవారు. ఆరినవి కొన్నే. ఉప్పు తీగపూత సందుల్లోకి దూరితే ఎంత ఆరబెట్టినా చెమ్మ పీల్చుకుంటూనే ఉంటుంది. మిగతావాటి తీగంతా కోసి పారేసి కొత్తగా చుట్టారు. చుట్టేముందు గాడులు లెక్కపెట్టి, గాడికెన్ని చుట్లు, తీగ ఏ గేజు అన్నది ఒక నోటుపుస్తకంలో వ్రాసుకునేవారు. ఆ పుస్తకంలో మోటార్లకు పేర్లు లేవు, మనుషుల పేర్లున్నాయి. ఎవరి మోటారు అనేది వారి పేరు. వాళ్ళలో కొందరు మోటారు తీసుకుపోవడానికి రాలేదు.

ఇంతవరకూ మా నాన్నగారి గురించి వ్రాశాను. అసలు వ్రాయదలచుకున్నది జి.డి. నాయుడు గారి గురించి. ఈ రెండూ విడదీసి వ్రాయడం నాకు చేతకావడం లేదు.

2023లో ఉద్యోగం పని మీద కోయంబత్తూరు వెళ్ళాను. అవినాశి రోడ్డు మీద పైవంతెన కోసం స్తంభాలు లేస్తున్నాయి. 2025 అక్టోబరులో ఆ వంతెన తెరిచినప్పుడు దానికి నాయుడు గారి పేరే పెట్టారు. ఒక పూట ఖాళీ దొరికితే ఆ రోడ్డులోనే ఉన్న ఆయన ప్రదర్శనశాలకు పోయాను. లోపల నాతోపాటు చూస్తున్న ఒక పెద్దాయనను ఇంగ్లీషులో ఏదో అడిగాను. ఆయన నా ముఖం చూసి, "మీరు మనవాళ్ళా?" అన్నారు. తెలుగే. వాక్యం చివర మాత్రం తమిళం పాటలాగా లేచి దిగింది. ఇంట్లో తరతరాలుగా తెలుగే మాట్లాడతారట. చదవడం, వ్రాయడం రాదట. నాయుడు గారి ఇల్లూ అలాంటిదే. విజయనగర, నాయకరాజుల కాలాల్లో దక్షిణానికి తరలిపోయిన తెలుగువారి సంతతి వాళ్ళు.

ఆయన పూర్తి పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో పుట్టారు. బడి అంటే పడేది కాదు. ఒకనాడు తమ ఊరి దారిన ఒక ఇంగ్లీషు అధికారి మోటారుసైకిలు మీద వెళ్ళడం చూసి, అలాంటిది తానూ కొనాలని పట్టణానికి పోయి హోటల్లో పనికి కుదిరారు. డబ్బు కూడబెట్టి మోటారుసైకిలు కొన్నారు. కొన్న తరువాత చేసిన పని అందులోని ప్రతి భాగాన్నీ విప్పి, తిరిగి బిగించడం. 1920లో ఒక బస్సు కొని పొల్లాచ్చి నుంచి పళనికి తానే నడిపారు. అది యూనివర్సల్ మోటార్ సర్వీసు అయి, కొన్నేళ్ళలో వందల బస్సులయింది. దీనిని ఇక్కడితో వదిలేస్తున్నాను. బస్సుల యజమానులు మన విజయవాడలోనూ తక్కువేమీ కాదు.

అక్కడి నుంచే మోటారు కథ. 1937లో కోయంబత్తూరు పీలమేడులోని ఆయన న్యూ ఎలక్ట్రిక్ వర్క్స్‌లో మన దేశంలో తయారైన మొదటి విద్యుత్ మోటారు వెలువడింది. దీన్ని గురించి చెప్పేవారు తరచుగా "నాయుడు గారు మోటారు కనిపెట్టారు" అంటారు. ఆ మాటతో నాకు రెండు పేచీలున్నాయి. మొదటిది, ఆ మోటారు నమూనా వేసినవాడు డి. బాలసుందరం నాయుడు. తరువాత టెక్స్‌టూల్ సంస్థను స్థాపించినది ఆయనే. కర్మాగారం ఒకరిది, నమూనా మరొకరిది. రెండు పేర్లూ చెప్పడానికి పట్టేది ఒక్క క్షణం. రెండవది, తిరిగే అయస్కాంత క్షేత్రంతో నడిచే మోటారు అప్పటికి యాభై ఏళ్ళ పాతది. ఫెరారిస్, టెస్లా 1880లలో ఆ సూత్రాన్ని పట్టుకున్నారు. ఇప్పటి మూడు ఫేజుల మోటారు రూపాన్ని దొలీవొ-దొబ్రొవోల్‌స్కీ 1889లో తెచ్చాడు. మరి 1937లో కోయంబత్తూరులో కనిపెట్టినదేమిటి?

నా మట్టుకు నాకు అది చిన్న విషయంగా తోచదు. పుస్తకంలో బొమ్మ ఉన్నంత మాత్రాన మోటారు చేయలేము. ఉక్కు రేకును పలుచగా కోయాలి, ఒక రేకులోని గాడి మరో రేకు గాడితో వెంట్రుకవాసి తేడా లేకుండా కలవాలి. స్టేటరుకూ రోటరుకూ మధ్య సందు కాగితం మందాన ఉండాలి. ఎక్కువైతే బలం చాలదు, తక్కువైతే రాసుకుంటుంది. తీగ మీది పూత నిలవాలి. పోత పోసేవాడు, తరిమెన పట్టేవాడు, తీగ చుట్టేవాడు అందరూ ఒక ఊళ్ళో దొరకాలి. అన్నీ చేసి, దిగుమతి సరుకు కంటే తక్కువకు అమ్మగలగాలి. ఈ మొత్తాన్ని కనిపెట్టడం కూడా కనిపెట్టడమే. నాన్నగారి దుకాణంలాంటివి బతికింది దానివల్లనే.

అది అక్కడే ఎందుకు జరిగిందనే ప్రశ్న చాలాకాలం నన్ను వేధించింది. మనకు లేని తెలివి అక్కడేముంది? తెలివి కాదు, నీళ్ళు. మనకు 1855లో విజయవాడ దగ్గర ఆనకట్ట కట్టారు. కాలువ తూము ఎత్తితే నీళ్ళు తమంతట తాము చేలోకి వచ్చేవి. కృష్ణా డెల్టా రైతుకు నీళ్ళు తోడవలసిన పని తక్కువ. కోయంబత్తూరు రైతుకు బావి తప్ప దిక్కు లేదు, అది కూడా లోతు బావి. ఎద్దులతో మోట తోలి తోలి విసిగిన నేల అది. 1932లో నీలగిరుల్లోని పైకారా నుంచి జలవిద్యుత్తు వచ్చింది. వైర్లు వచ్చాయి, బావులున్నాయి, నూలుమిల్లులున్నాయి. మధ్యలో లేనిది మోటారొక్కటే. కాలువ గట్టున పుట్టినవాడికి పంపు కనిపెట్టవలసిన అగత్యం ఏముంటుంది? మనకు మోటారు బియ్యం మిల్లుకూ, పిండిమరకూ, మెరక మీది చెరకు తోటకూ కావలసివచ్చేసరికి అది అప్పటికే కోయంబత్తూరులో తయారై సిద్ధంగా ఉంది.

ప్రదర్శనశాలలో నేను ఎక్కువసేపు నిలబడింది ఒక రేజరు ముందు. పేరు రసాంత్. బ్యాటరీ కణాలతో నడిచే చిన్న మోటారు లోపల ఉండి గడ్డం గీస్తుంది. అరచేతిలో పట్టే మోటారు, గోడకు తగిలించనక్కరలేనిది. పెద్ద మోటారు చేయడం కంటే చిన్న మోటారు చేయడం కష్టమని చుట్టినవాడెవడైనా చెబుతాడు. తీగ తలవెంట్రుకంత సన్నగా ఉండి, చేయి కాస్త గట్టిగా లాగితే తెగుతుంది. ఇంకా ఆయన చేసినవాటిలో అతి పలుచని బ్లేళ్ళు, పండ్లరసం తీసే యంత్రం, సినిమా కెమెరాకు దూరం సరిచేసే పరికరం, కిరసనాయిలుతో నడిచే పంకా ఉన్నాయి. కిరసనాయిలు పంకా అంటే నవ్వు వస్తుంది గాని, కరెంటు రాని ఊళ్ళో మే నెల గడిపినవాళ్ళు నవ్వరు.

మోసానికి లొంగని వోట్ల యంత్రం ఒకటి కూడా చేశారు. మన దేశంలో ఎలక్ట్రానిక్ వోటింగు యంత్రాన్ని మొదట వాడింది 1982లో, కేరళలోని పరవూరు నియోజకవర్గంలో. హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. దాని నమూనాను 1979లో తయారుచేసింది. నాయుడు గారు అప్పటికి లేరు, 1974 జనవరి 4న కన్నుమూశారు. ఇ.సి.ఐ.ఎల్.ను నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు గారు పశ్చిమగోదావరి మోగల్లు వారు. మా ఇంటికి వచ్చిన మొదటి టీవీ ఆ సంస్థదే. నలుపు తెలుపు బొమ్మ. దాని వెనక రేకు విప్పి చూడకుండా నాన్నగారు వారం రోజులు ఓపిక పట్టారు.

ఇక రేడియో. 1941లో నాయుడు గారు అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకు తయారుచేయగలనని ప్రకటించారు. అయిదు వాల్వులంటే అల్లాటప్పా సరుకు కాదు. వచ్చిన తరంగాన్ని మార్చేదొకటి, పెంచేదొకటి, అందులోంచి పాటను విడదీసేదొకటి, స్పీకరుకు బలమిచ్చేదొకటి, వీటన్నిటికీ ఏకముఖ విద్యుత్తు అందించేదొకటి. అప్పటి దిగుమతి రేడియోలు వందల రూపాయలు. మద్రాసు కేంద్రం 1938లో మొదలైంది, విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న. ఆ 70 రూపాయల పెట్టె ఊరూరా వచ్చి ఉంటే మా తాతగారు విజయవాడ కేంద్రాన్ని మొదటి రోజు నుంచీ వినేవారేమో. ఆయన రేడియో కొన్నది చాలా ఏళ్ళ తరువాత. దానికి పోస్టాఫీసులో కట్టే లైసెన్సు పుస్తకం కూడా ఉండేది. వినడానికి కూడా అనుమతి పత్రం కావాలన్నమాట. 1980లలో ఆ లైసెన్సు ఎత్తివేసేదాకా ప్రతి ఏటా ముద్ర వేయించుకురావడం నా పని.

అనుమతి పత్రం మాట వచ్చింది కాబట్టి కారు సంగతి చెప్పాలి. 1952లో ఇద్దరు కూర్చునే పెట్రోలు కారును ఆయన తయారుచేశారు. ధర 2,000 రూపాయలు. పరిశ్రమల చట్టం 1951లో వచ్చింది, దాని ప్రకారం కార్లు తయారుచేయాలంటే ఢిల్లీ లైసెన్సు ఉండాలి. అది ఇవ్వలేదు. కారు ఆగిపోయింది. ప్రభుత్వం మీద కోపంతో ఈ కథను చెప్పేవాళ్ళు చాలామంది. నాకు అంత కోపం లేదు. ఆ రోజుల్లో ఉక్కుకు కొరత ఉంది, విదేశీ మారకానికి కొరత ఉంది, ఎవరికి ఎంత అని ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు. కాని గీత గీసేవాడి ముందున్నది కాగితం, కారు కాదు. ఆ తేడా నాకు స్వానుభవం మీద తెలుసు.

1992లో నాన్నగారు ఒక పెట్టె చేశారు.

మూడు ఫేజుల మోటారుకు పెద్ద శత్రువు ఒక ఫేజు పోవడం. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఒక ఫ్యూజు ఎగిరిపోతుంది. నడుస్తున్న మోటారు ఆగదు. మిగిలిన రెండింటి నుంచే అధికంగా కరెంటు లాక్కుంటూ, మూలుగుతూ తిరుగుతుంది. రైతు అక్కడ లేకపోతే అరగంటలో తీగ మాడిపోతుంది. మా దుకాణానికి వచ్చే మోటార్లలో సగం ఆ కేసులే, అంటే మా తిండిలో సగం దానివల్లనే. నాన్నగారు చేసిన పెట్టె ఆ సమయంలో మోటారును ఆపేస్తుంది. పేటలో ఏడెనిమిది మందికి బిగించారు కూడా.

నేను అప్పుడే చదువు ముగించి వచ్చాను. దుకాణంలో నలుగురు ఉండగా పెట్టె చూసి, "ఇది పనిచేయదు నాన్నగారూ" అన్నాను. "మోటారు తిరుగుతున్నంతసేపూ పోయిన ఫేజులో కూడా అది తనే వోల్టేజి పుట్టిస్తుంది. మీ రిలే ఫేజు ఉందనే అనుకుంటుంది, పడదు. పుస్తకంలో ఉంది." నలుగురూ నాన్నగారి వైపు చూశారు. ఆయన ఏమీ అనలేదు. పెట్టె మూత వేసి బల్ల కిందికి తోశారు. ఒక్క నిమిషం మూత తీసి చూసి ఉంటే నాకు తెలిసేది. చూడలేదు.

తరువాత ఎప్పుడో ఆయన దానిని పట్టుకుని విజయవాడలో ఒక కార్యాలయానికి వెళ్ళారట. డ్రాయింగు తెమ్మన్నారు, పరీక్షశాల సర్టిఫికెట్టు తెమ్మన్నారు, అర్హత ఏమిటని అడిగారు. పెట్టె సంచీలోంచి బయటకు తీయకుండానే తిరిగి వచ్చారు. ఈ సంగతి అమ్మ చెప్పింది. డ్రాయింగు నేను గీసి ఉండవలసింది. నాకు అప్పటికి మూడు నెలల డ్రాయింగు ఉద్యోగం కూడా ఉంది.

కోయంబత్తూరు నుంచి వచ్చిన వారానికి చల్లపల్లి వెళ్ళాను. విజయవాడ నుంచి ఉయ్యూరు, పామర్రు, కూచిపూడి మీదుగా ఆ రోడ్డంతా నాయుడు గారి సంగతులు నాన్నగారికి ఎలా చెప్పాలా అని ఆలోచిస్తూనే ఉన్నాను. ఆయనకు డెబ్భై ఎనిమిదేళ్ళు, దుకాణం మూసి చాలాకాలమైంది. అరుగు మీద కూర్చోబెట్టి 1937 మోటారు నుంచి చెప్పుకుంటూ పోయాను. సగంలో ఆపి, "నాయుడు గారు నాకు తెలియకపోవడమేమిట్రా" అన్నారు. తనకు పని నేర్పిన మేస్త్రీ కోయంబత్తూరులో నాలుగేళ్ళు ఉండి వచ్చినవాడట. ఆయన నోట రోజూ ఆ పేరే విన్నారట.

"ఎప్పుడూ చెప్పలేదే?"

"నువ్వు అడిగావా?"

రసాంత్ రేజరు గురించి చెప్పాను. అప్పుడు ముందుకు వంగారు. "లోపల మోటారు ఎలా చుట్టారు? కమ్యుటేటరు ఎన్ని ముక్కలు?"

"అద్దాల పెట్టెలో ఉంది నాన్నగారూ. విప్పి చూపించరు."

"మరి ఏం చూసివచ్చావు?"

నా దగ్గర జవాబు లేదు. ఆ ధైర్యంతోనో, ఆ సిగ్గుతోనో, ముప్ఫై ఒక్క ఏళ్ళ తరువాత పెట్టె సంగతి అడిగాను. అటక మీద ఉందన్నారు. దించి, తుడిచి, మూత తీశాను. లోపల నేను అనుకున్న సన్నతీగ రిలేలు లేవు. లావు రాగితీగతో చుట్టిన మూడు కాయిళ్ళున్నాయి. ఒక్కొక్క ఫేజు తీగా ఒక్కొక్క కాయిల్లోంచి పోయి మోటారుకు చేరుతుంది. ప్రతి కాయిలూ ఒక ఇనుప నాలుకను పట్టి ఉంచుతుంది. మూడు నాలుకల్లో ఏది పడినా స్టార్టరు పడిపోతుంది. ఆయన వోల్టేజి చూడనే లేదు, తీగలో పారే కరెంటును చూశారు. ఫ్యూజు ఎగిరిన తీగలో వోల్టేజి ఉన్నట్టు కనబడవచ్చు, కరెంటు మాత్రం సున్నా.

"వోల్టేజి అబద్ధం చెబుతుందని నాకు తెలుసు," అన్నారు నాన్నగారు. "ఆ రోజు నువ్వు చెప్పినదే నాకూ మొదటి పెట్టెలో అయింది. ఇది మూడోది."

దీనికీ ఒక లోపం ఉంది. ట్రాన్స్‌ఫార్మరుకు అవతల, పెద్ద లైనులో ఫేజు పోతే ఏ తీగలోనూ కరెంటు పూర్తిగా సున్నా కాదు, పెట్టె పట్టుకోలేదు. ఆ మాట చెప్పాలా వద్దా అని కాసేపు తటపటాయించి చెప్పాను. ఆయన తల ఊపి, "అవును, వక్కలగడ్డలో ఒకటి అలాగే మాడింది" అని, నాలుగో పెట్టెకు ఏం చేయాలనుకున్నారో చెప్పడం మొదలుపెట్టారు. ఈసారి కాగితం తెచ్చుకుని కూర్చున్నాను.

మూడు కాయిళ్ళలో ఒకటి తెగి ఉంది. పాత నోటుపుస్తకంలో వెతికితే లెక్క దొరికింది: 14 గేజు, 30 చుట్లు. గవర్నరుపేటలో తీగ కొన్నాను. చుట్టింది నేనే, మూడుసార్లు విప్పించారు.